లాంచర్ లోగో చూపించి మాయమైపోతోంది, ఎవరికైనా ఇలా జరిగిందా?

తెనాలి_కుర్రాడు
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పది రోజుల కిందట కొత్త పీసీ అసెంబుల్ చేయించాం. రైజెన్ 5 5600, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060, విండోస్ 11. ఇంటర్ అయ్యాక కొనిస్తామన్నారు, రెండేళ్లు ఆగాను. పీసీ వచ్చింది గానీ ఇంతవరకు ఒక్క గేమ్ కూడా ఆడలేదు. గేమ్స్ దించుకుని ఆడటానికి వాడే ప్రోగ్రామ్ ఉంటుంది కదా, ఆ లాంచరే తెరుచుకోవట్లేదు.

ఇన్‌స్టాల్ సజావుగానే అవుతుంది. ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే లోగో ఉన్న చిన్న విండో రెండు మూడు సెకన్లు కనబడి పోతుంది. ఎర్రర్ మెసేజ్ ఏమీ రాదు. టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని చూశాను, దాని పేరు ఒక్క క్షణం వచ్చి వెళ్లిపోతోంది. లాంచర్ పేరు ఇక్కడ పెట్టట్లేదు. తప్పు దానిదో మా సిస్టమ్‌దో ఇంకా తేలలేదు కదా.

రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాను. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కూడా అయింది. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేశాను. ఈ పీసీ నాన్నగారు కూడా వాడతారు, మొదటి రోజు విండోస్ సెటప్ అంతా ఆయనే దగ్గరుండి చేశారు. క్రోమ్, వర్డ్ అన్నీ బాగానే నడుస్తున్నాయి. ఇదొక్కటే మొరాయిస్తోంది. రేపు సాయంత్రం ఫ్రెండ్స్ నలుగురూ ఆన్‌లైన్‌కి వస్తారు, టెన్షన్‌గా ఉంది.

కూకట్‌పల్లి_కోడర్
శనివారం, రాత్రి 9:58

తమ్ముడూ, ముందు తేలికైనవి చూద్దాం. టాస్క్‌బార్ కుడి మూలన ఉన్న చిన్న బాణం నొక్కు, లాంచర్ అక్కడ దాక్కుందేమో. ఉంటే రైట్ క్లిక్ చేసి ఎగ్జిట్ కొట్టు. తర్వాత టాస్క్ మేనేజర్‌లో ఆ కంపెనీ పేరుతో ఏం మిగిలి ఉన్నా ఎండ్ టాస్క్ చేసి మళ్లీ తెరువు. పాత ప్రాసెస్ ఒకటి బ్యాక్‌గ్రౌండ్‌లో ఇరుక్కుపోతే కొత్తది తెరుచుకోదు. పది కేసుల్లో సగం ఇక్కడే తేలిపోవడం చూశాను.

నాకు వచ్చింది వేరే. ప్రాసెస్ నడుస్తోంది, టాస్క్‌బార్‌లో ఐకాన్ ఉంది, విండో మాత్రం కనబడదు. ముందు రోజు పీసీని టీవీకి కలిపి ఆడాం, తర్వాత హెచ్‌డీఎంఐ కేబుల్ పీకేశాను. లాంచర్ ఇంకా ఆ టీవీ స్క్రీన్ ఉందనుకుని అక్కడే తెరుచుకుంటోంది. ఐకాన్ మీద ఒకసారి క్లిక్ చేసి, విండోస్, షిఫ్ట్ రెండూ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే ఇవతలికి వచ్చేసింది.

మానేరు_గట్టు
శనివారం, రాత్రి 10:20

నాది కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మాది పాత పీసీ. ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ లాంచర్ సర్వర్‌కి కనెక్ట్ కావట్లేదని చెప్పేది. నెట్ వాళ్లని రెండుసార్లు ఇంటికి పిలిపించాను, రౌటర్ మార్చాను. చివరికి మా మేనల్లుడు స్క్రీన్ మూల చూసి, తేదీ 2019 అని చూపిస్తోందేంటి మామయ్యా అన్నాడు.

సర్వర్ చూపించే సెక్యూరిటీ సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటుంది. మన పీసీ గడియారం ఆ గడువు బయట ఉంటే లాంచర్ దాన్ని నమ్మదు, లాగిన్ దగ్గరే ఆగిపోతుంది. బ్రౌజర్‌లో కూడా కొన్ని సైట్లు అలాగే హెచ్చరిస్తాయి, నేను పట్టించుకోలేదు.

కారణం మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ. పేరు సీఆర్2032, 3 వోల్టులది, దాదాపు రూపాయి బిళ్లంత ఉంటుంది, వాచీల షాపులో దొరుకుతుంది. కరెంటు ప్లగ్ పూర్తిగా తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, అప్పుడు క్యాబినెట్ తెరవాలి. గుండ్రటి గూడు పక్కన చిన్న లోహపు నాలుక ఉంటుంది. దాన్ని గోరుతో వెనక్కి నెడితే బ్యాటరీ ఒక పక్కన పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, బయాస్‌లో (పీసీ ఆన్ కాగానే తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) తేదీ సరిచేశాను. ఆ రోజు నుంచి లాంచర్ ఒక్కసారి కూడా ఆగలేదు.

రాత్రి_డ్యూటీ
శనివారం, రాత్రి 10:31

గడియారం మాట వచ్చింది కాబట్టి: ఒకే పీసీలో లినక్స్, విండోస్ రెండూ పెట్టుకున్నవాళ్లు గమనించండి. లినక్స్ నుంచి విండోస్‌కి వస్తే టైమ్ సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి వెళ్లిపోతుంది. లినక్స్ బోర్డు గడియారంలో గ్రీనిచ్ టైమ్ రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. నాకు లాంచర్ లాగిన్ అయినట్టే అయి బయటికి నెట్టేసేది. టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ కొడితే సర్దుకుంది.

వైజాగ్_బీచ్‌రోడ్
శనివారం, రాత్రి 11:05

ఈ రోజుల్లో లాంచర్ అంటే లోపల ఒక బ్రౌజరే. స్టీమ్ అయినా ఎపిక్ అయినా స్టోర్ పేజీ చూపించడానికి క్రోమ్‌కి ఆధారమైన క్రోమియం ఇంజినే వాడతాయి. టాస్క్ మేనేజర్‌లో స్టీమ్‌వెబ్‌హెల్పర్ అని ఐదారు వరుసగా కనబడేవి అవే. కాబట్టి బ్రౌజర్‌కి వచ్చే రోగాలన్నీ దీనికీ వస్తాయి. నల్ల స్క్రీన్, తెల్ల స్క్రీన్ వస్తే మొదట వెబ్‌క్యాష్ ఫోల్డర్ తీసేయాలి. విండోస్, ఆర్ నొక్కి, పర్సెంట్ గుర్తుల మధ్య లోకల్‌యాప్‌డేటా అని కొడితే వచ్చే చోట లాంచర్ పేరుతో ఫోల్డర్ ఉంటుంది. ఎపిక్‌కి అయితే అందులో సేవ్డ్ లోపల వెబ్‌క్యాష్ ఉంటుంది. తీసేసినా నష్టం లేదు, మళ్లీ అదే తయారు చేసుకుంటుంది.

ఒక్క మాట అందరికీ. లాంచర్ మళ్లీ వేసే ముందు గేమ్ ఫోల్డర్‌ని పొరపాటున కూడా చెరపకండి. స్టీమ్‌లో అయితే స్టీమ్‌యాప్స్, యూజర్‌డేటా రెండూ పక్కకి తీసి పెట్టుకోండి. హాట్‌స్పాట్ మీద రోజుకి 1.5 జీబీ చొప్పున నెలన్నర పాటు దించుకున్న గేమ్ ఒక్క డిలీట్‌తో పోయిన మా రూమ్మేట్ ముఖం నాకింకా గుర్తుంది.

పాత_పీసీ_అభిమాని
ఆదివారం, ఉదయం 7:50

విండోస్ 7, 8 మీద ఉన్నవాళ్లు ఇవన్నీ ప్రయత్నించి అలసిపోకండి. స్టీమ్ 2024 జనవరి 1 నుంచి 7, 8, 8.1 మూడింటికీ సపోర్ట్ ఆపేసింది. అక్కడ లాంచర్ తెరుచుకోకపోతే విండోస్ మార్చుకోవడమే దారి.

తెనాలి_కుర్రాడు
ఆదివారం, ఉదయం 11:15

అందరికీ థాంక్స్, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని అన్నీ చేశాను. బాణం కింద ఏమీ లేదు. ఒకటే మానిటర్. తేదీ, టైమ్ సరిగ్గానే ఉన్నాయి. లోకల్‌యాప్‌డేటాలో వెతికితే అసలు ఆ లాంచర్ పేరుతో ఫోల్డరే లేదు. చాలా ప్రోగ్రాములకి అవసరమయ్యే విజువల్ సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు రెండు రకాలూ, 32 బిట్, 64 బిట్, మళ్లీ వేశాను. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ ఖాళీగా ఉంది, అంటే యాంటీవైరస్ దేన్నీ పట్టుకోలేదు. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బయటి సర్వీసులన్నీ ఆపి రీస్టార్ట్ చేశాను. మళ్లీ అదే లోగో, అదే మూడు సెకన్లు.

మ్యూనిక్_తెలుగోడు
ఆదివారం, మధ్యాహ్నం 1:10

లోకల్‌యాప్‌డేటాలో ఫోల్డరే లేదన్నారు, నాకు అక్కడే అనుమానం వచ్చింది. లాంచర్ మొదటిసారి తెరుచుకోగానే చేసే పని ఆ ఫోల్డర్ తయారు చేసుకోవడమే. అది లేదంటే చేసుకోలేక కుప్పకూలుతోందన్నమాట. ఊహించుకోవడం ఎందుకు, లాగ్, అంటే లాంచర్ తను చేసిన పనులు రాసుకునే ఫైల్, చూద్దాం. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా అని ఉంటుంది. కనబడకపోతే వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టండి. అందులో లాంచర్ ఫోల్డర్, దాని లోపల లాగ్స్. అన్నిటికంటే కొత్త ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చివరి నాలుగు లైన్లు ఇక్కడ పెట్టండి.

తెనాలి_కుర్రాడు
ఆదివారం, మధ్యాహ్నం 1:32

దొరికింది అన్నా. చివరి లైన్ ఇలా ఉంది: ఫోల్డర్ క్రియేట్ ఫెయిల్డ్, సీ:\యూజర్స్\????????\యాప్‌డేటా\లోకల్. మధ్యలో ఎనిమిది ప్రశ్నార్థకాలు ఉన్నాయి, అవేంటో అర్థం కాలేదు.

మ్యూనిక్_తెలుగోడు
ఆదివారం, మధ్యాహ్నం 1:36

సీ డ్రైవ్‌లో యూజర్స్ తెరిచి, మీ ఫోల్డర్ పేరు ఏముందో చెప్పండి.

తెనాలి_కుర్రాడు
ఆదివారం, మధ్యాహ్నం 1:41

"మాస్టారు" అని ఉంది. తెలుగులో. నాన్నగారు తెలుగు మాస్టారుగా రిటైర్ అయ్యారు, ఊళ్లో అందరూ అలాగే పిలుస్తారు. సెటప్‌లో రెండో కీబోర్డ్ కావాలా అని అడిగితే తెలుగు ఎంచుకుని, పేరు అడిగిన చోట అదే కొట్టారట. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌లో చకచకా కొడతారు. దీనివల్లే అంటారా?

మ్యూనిక్_తెలుగోడు
ఆదివారం, మధ్యాహ్నం 2:15

దీనివల్లే. లెక్క కూడా సరిపోయింది చూడండి. "మాస్టారు" మన కంటికి మూడక్షరాలు. కంప్యూటర్‌కి మ, దీర్ఘం, స, పొల్లు, ట, దీర్ఘం, ర, కొమ్ము: మొత్తం ఎనిమిది. లాగ్‌లో ఎనిమిది ప్రశ్నార్థకాలు.

విండోస్ ఆ పేరుని యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకీ ఒక్కో నంబర్ ఇచ్చే పద్ధతిలో, శుభ్రంగానే దాచింది. తెలుగు 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్ నుంచీ ఉంది. కొన్ని ప్రోగ్రాములు మాత్రం ఇప్పటికీ కోడ్ పేజీ అనే పాత పద్ధతిలో, అంటే కొద్ది అక్షరాలే పట్టే పట్టికతో, పేర్లు చదువుతాయి. నేను పనిచేసే ఈ జర్మనీలో చుక్కలున్న అక్షరాలతో పేర్లు మామూలే. ఆ అక్షరాలు పాత 1252 కోడ్ పేజీలో ఉన్నాయి కాబట్టి చాలాసార్లు నెట్టుకొచ్చేస్తాయి. తెలుగుకి విండోస్‌లో అలాంటి పాత సిస్టమ్ కోడ్ పేజీ ఎప్పుడూ లేదు, నేరుగా యూనికోడ్‌తోనే వచ్చింది. అందుకే అలాంటి ప్రోగ్రామ్ చేతిలో పడితే మన అక్షరం ప్రతిదీ ప్రశ్నార్థకం అయిపోతుంది. ఫైల్ పేర్లలో ప్రశ్నార్థకాన్ని విండోస్ ఒప్పుకోదు. ఫోల్డర్ తయారు కాదు, లాంచర్ ఆగిపోతుంది. క్రోమ్, వర్డ్ యూనికోడ్‌లోనే చదువుతాయి కాబట్టి వాటికి ఏమీ కాలేదు.

మీ నాన్నగారు చేసింది తప్పు కానే కాదు. తన భాషలో తన పేరు రాసుకున్నారు. తప్పు ఆ పేరుని చదవలేని ప్రోగ్రామ్‌ది.

ఇప్పుడు చేయాల్సింది. ఆ ఫోల్డర్ పేరు చేత్తో మార్చకండి, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట) దారి పాతదే ఉండి ప్రొఫైల్ మొత్తం చెడిపోవచ్చు. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌కి వెళ్లి కొత్త అకౌంట్ చేయండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా అనే దారి ఎంచుకుని, పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో ఇవ్వండి. దాన్ని అడ్మినిస్ట్రేటర్ చేసి, అందులోంచి లాంచర్ తెరవండి.

ఇంకో దారి ఉంది. రీజియన్ సెట్టింగ్స్‌లో అడ్మినిస్ట్రేటివ్ కింద, చేంజ్ సిస్టమ్ లొకేల్ లోపల, యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలు దాచే ఒక పద్ధతి) వాడమని బీటా అని రాసి ఉన్న ఒక టిక్. 2018 నుంచి ఉంది. దాంతో కూడా కొన్నిసార్లు పని అవుతుంది. కానీ మీ నాన్నగారి దగ్గర పాత నాన్-యూనికోడ్ డీటీపీ ఫైళ్లు ఉంటే వాటిలో అక్షరాలు తారుమారు కావచ్చు. కాబట్టి మీ ఇంట్లో వద్దు.

తెనాలి_కుర్రాడు
ఆదివారం, సాయంత్రం 4:05

వచ్చేసింది అన్నా! కొత్త అకౌంట్‌లో మొదటి క్లిక్‌కే లాగిన్ పేజీ వచ్చింది. గేమ్ డౌన్‌లోడ్ అవుతోంది. ఈ రోజు ఆడలేకపోయినా ఫర్వాలేదు, ఫ్రెండ్స్‌కి చెప్పేశాను.

ఒకటే బాధ. నాన్నగారికి చెప్తే, అయితే నా అకౌంట్ తీసేసి అందరం ఇంగ్లీష్ పేరుతోనే వాడదాంలే అన్నారు. నాకు మనసొప్పలేదు.

కూకట్‌పల్లి_కోడర్
ఆదివారం, సాయంత్రం 4:12

తీసేయక్కర్లేదు తమ్ముడూ. ఇంకో అకౌంట్ ఇంగ్లీష్ పేరుతో చేసి, తర్వాత కంట్రోల్ ప్యానెల్, యూజర్ అకౌంట్స్‌లో చేంజ్ ది అకౌంట్ నేమ్ నొక్కి తెలుగులో మార్చు. పైకి కనబడే పేరు మారుతుంది, లోపల ఫోల్డర్ ఇంగ్లీష్‌లోనే ఉండిపోతుంది. పాత అకౌంట్‌లోంచి డాక్యుమెంట్స్, పిక్చర్స్ కాపీ చేసుకుని, అన్నీ వచ్చాయని చూసుకున్నాకే పాతది తీసేయండి.

మానేరు_గట్టు
ఆదివారం, సాయంత్రం 5:30

ఇది చదివి మా చెల్లెలి ల్యాప్‌టాప్ చూశాను. వీడియో ఎడిటర్ ఒకటి ఆరు నెలలుగా తెరుచుకోవట్లేదని వదిలేసింది. యూజర్ ఫోల్డర్ పేరు "బుజ్జి". కొత్త అకౌంట్‌లో వెంటనే తెరుచుకుంది.

తెనాలి_కుర్రాడు
ఆదివారం, రాత్రి 9:20

కోడర్ అన్న చెప్పినట్టే చేశాను. ఇప్పుడు లాగిన్ స్క్రీన్ మీద రెండు పేర్లు ఉన్నాయి, ఒకటి నాది, ఒకటి "మాస్టారు". నాన్నగారు తన ఫైళ్లన్నీ ఒక్కొక్కటి తెరిచి చూసుకున్నారు, అన్నీ వచ్చాయి.

మ్యూనిక్ అన్న సాయంతో లాంచర్ కంపెనీకి ఇంగ్లీష్‌లో రిపోర్ట్ పంపాను. తెలుగు పేరుతో అకౌంట్ ఎలా చేయాలో, ఎక్కడ ఆగుతుందో రాసి, ఎనిమిది ప్రశ్నార్థకాలున్న లాగ్ జత చేశాం. జవాబు రాగానే ఇక్కడే పెడతాను.