నడుస్తూ లెక్కలు చేస్తే నాన్నగారికి మేలేనా?

ప్రశ్న: మాది విజయనగరం. నాన్నగారికి 71. రోజూ నడుస్తారు, ఇంటికొచ్చి పేపర్లో పదకేళి పూరిస్తారు. మొన్న కూరగాయల సంచి మార్కెట్లోనే వదిలేసి వచ్చారు. ఒంటికీ బుర్రకీ కలిపి పని పెడితే మంచిదంటున్నారు, నిజమేనా?

జవాబు: ఫిన్లాండ్‌లో 60–77 ఏళ్లవాళ్లు 1,260 మందిని తీసుకుని, సగం మందితో రెండేళ్లు వ్యాయామం, మెదడుకు కసరత్తు, తిండి మార్పులు, బీపీ అదుపు కలిపి చేయించారు. వాళ్ల ఆలోచనాశక్తి మిగతావాళ్లకంటే మెరుగైందని 2015లో తేలింది. అయినా మరుపుకి వేరే కారణం ఉందేమో, విటమిన్ బీ12, థైరాయిడ్ పరీక్షలు ఓసారి చేయించండి.

జవాబు: తమ్ముడూ, మా అమ్మని నడుస్తూ వందలోంచి ఏడేసి తీసెయ్యమన్నా. 93, 86... అక్కడే కాళ్లు ఆగిపోయేవి, చిరాకు కూడానూ! ఇప్పుడు ‘గ’తో ఊళ్లు: గరివిడి, గుర్ల, గంట్యాడ, గజపతినగరం. ఆగకుండా నడుస్తోంది. చెరువు గట్టు మీద మాత్రం వద్దు, మేడ మీద చేయించండి.

ప్రశ్న అడిగినవారు: ఇవాళ చేయించాను అక్కా. గరివిడి దగ్గర ఆగి, అక్కడి పెళ్లిలో పప్పుచారు పలచనైన కథ పావుగంట చెప్పారు.