పాల సైకిల్‌కు ఇంజన్: 80 సీసీ చవక కిట్టా, కంపెనీ ఫోర్ స్ట్రోకా?

చల్కనేల (దేవరకొండ దిక్కు):
ఊర్ల పాలు పోసే సైకిల్. 28 అంగుళాల చక్రాలు, డబుల్ బార్ ఫ్రేమ్, క్యారియర్ మీద 20 లీటర్ల క్యాన్. రోజూ పోను రాను 14 కిలోమీటర్లు. సగం తారు రోడ్డు, సగం మట్టి బాట, నడుమ ఒక ఎత్తు ఉన్నది. ఆన్‌లైన్‌ల దొరికే 80 సీసీ టూ స్ట్రోక్ కిట్ పెట్టాల్నా, గడ్డి కోసే మిషన్లకు వచ్చే హోండా ఫోర్ స్ట్రోక్ ఇంజన్ పెట్టాల్నా? రెండోదానికి ఖర్చు శానా ఎక్కువ. తెలిసినోళ్లు చెప్పున్రి.

పాలమూరు టూస్ట్రోక్:
కిట్టే పెట్టున్రి. చవకది అని తీసెయ్యొద్దు, అందులో ఏవేవి చెడిపోతయో ముందే తెలుసు కాబట్టి ముందే మార్చుకోవచ్చు.

80 సీసీ అని అమ్మేది అసలు 66 సీసీయే. బోర్ (సిలిండర్ లోపలి లావు) 47 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 38, లెక్క కట్టుకోవచ్చు. లోపలి గేర్లు వేగాన్ని 4.1 వంతు తగ్గిస్తయి. ముందు 10 పళ్లు, వెనక 44 పళ్ల స్ప్రాకెట్ ఇంకో 4.4 వంతు. మొత్తం 18. అంటే 28 అంగుళాల చక్రం మీద గంటకు 30 కిలోమీటర్లు పోతుంటే ఇంజన్ నిమిషానికి 4,100 చుట్లే తిరుగుతది. క్యాన్ బరువుకు ఆ గుంజుడే కావాలె.

స్టార్ట్ చేయకముందు సైలెన్సర్, కార్బురేటర్ స్టడ్లు (వాటిని ఇంజన్‌కు పట్టి ఉంచే మరల కడ్డీలు) తీసి 8.8 గ్రేడ్ గట్టి ఉక్కువి వెయ్యాలె. కిట్‌ల వచ్చేవి మెత్తటి ఇనుము. పానతోటి బిగిస్తుంటేనే సాగుతయి, తర్వాత అదురుకు విరిగి సగం ముక్క అల్యూమినియంలనే ఉండిపోతది. ప్లగ్ మార్చి ఎన్‌జీకే బీపీ6హెచ్‌ఎస్ వేసి గ్యాప్ 0.6 పెట్టాలె. పెట్రోల్ పైపు కూడ మార్చాలె. బంకుల్ల ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తున్నది, ఆ నాసిరకం పైపు దానికి నిలువదు.

ఆయిల్ దగ్గర పొదుపు చెయ్యొద్దు. మొదటి రెండు మూడు ట్యాంకులకు లీటరు పెట్రోలుల 60 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలపాలె, ఆ తర్వాత 40. మోపెడ్‌కు పోసినట్టు 20 పోస్తే కనెక్టింగ్ రాడ్ పైన ఉండే సూది బేరింగ్ ముందుగాల పోతది, దాని వెనకాలే పిస్టన్. కార్బురేటర్ గొట్టానికి ఎక్కే కీలు దగ్గర గాలి పీల్చినా అంతే. మిశ్రమం పల్చబడి వేడెక్కి పిస్టన్ పట్టేస్తది. ఇంజన్ ఐడిల్‌ల ఉంచి ఆ కీలు మీద సబ్బు నీళ్లు చల్లున్రి. చప్పుడు మారిందంటే అక్కడ లీకు ఉన్నట్టే.

మిర్యాలగూడ లేత్:
"ముందే మార్చుకోవచ్చు" అన్నది ఇంజన్ వరకే. ఆ కిట్ ఈ సైకిల్‌కు అసలు కూర్చోదు.

వెనక స్ప్రాకెట్‌కు 9 రంధ్రాలు ఉంటయి. అది 36 పుల్లల చక్రం కోసం చేసింది. ఒక్కో పక్క 18 పుల్లలు, జంటకు ఒక బోల్టు చొప్పున 9. మన డబుల్ బార్ సైకిల్‌కు ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక 40. పక్కకు 20, అంటే 10 జంటలు. ఆ 9 బోల్టుల్ల కొన్ని నేరుగ పోతయి, మిగిలినవాటిని పుల్లను పక్కకు వంచి దూర్చాల్సిందే. వంగిన పుల్ల రబ్బరు ముక్కల నడుమ, ఇంజన్ గుంజినప్పుడల్లా ఊగుతది. ఊగి ఊగి హబ్ దగ్గర మెడ కాడ తెగుతది. ఒకటి తెగితే పక్కదాని మీద బరువు పడి అదీ తెగుతది. రిమ్ము వంకర తిరుగుతది, చైన్ దిగి పుల్లల్ల పడుతది, చక్రం అక్కడికక్కడే పట్టేస్తది. వెనక క్యాన్ ఉన్నప్పుడు ఆ పడుడు ఎట్లుంటదో వేరే చెప్పనక్కర లేదు.

రెండోది చోటు. పై బార్ కింద ఇంకో బార్ ఉంటే త్రికోణం ఇరుకైతది. ఇంజన్ హెడ్, ప్లగ్ టోపీ అక్కడ పడతయా లేదా అట్టముక్క కోసి పెట్టి చూసినంకనే కొనాలె.

మూడోది వేడి. కిట్ ఇంజన్‌కు ఫ్యాన్ లేదు, ఎదురు గాలే దిక్కు. మే నెలల మట్టి బాట మీద బరువుతోటి మెల్లగ ఎక్కుతుంటే ఆ గాలి చాలదు. గడ్డి మిషన్ ఇంజన్ ఒక్కచోట నిలబడి పనిచేసేందుకే చేసింది. ఫ్లైవీల్ మీదనే ఫ్యాన్ ఉంటది.

పాలమూరు టూస్ట్రోక్:
పుల్లల మాట ఒప్పుకుంటున్న. దానికి దారి ఉన్నది. పుల్లలను పట్టుకోకుండ హబ్ మీదనే బిగిసే రెండు ముక్కల అడాప్టర్ దొరుకుతది. హబ్ లావు కాలిపర్‌తోటి కొలిచి తెప్పించాలె, తేడా ఉంటే లేత్ మీద తీయించాలె. లేదంటే వెనక చక్రమే 36 పుల్లల హబ్బు, రిమ్ముతోటి కట్టించుకోవాలె. క్రాంక్ బేరింగ్ పోతే 6202 నంబర్, సీ3 (లోపల కొంచెం వదులు ఎక్కువున్న రకం) అని అడిగితే ఏ బేరింగ్ దుకాణంల అయినా ఇస్తరు. మీ హోండాకు ఆ వీలు ఎక్కడిది?

ఎడమకాలువ గట్టు:
ఇద్దరూ మన్నిక గురించే మాట్లాడుతున్నారు. దానికంటే ముందు చూడాల్సింది మోటారు వాహనాల చట్టం, 1988. సెక్షన్ 2(28) ప్రకారం నాలుగు చక్రాల కంటే తక్కువ ఉండి, ఇంజన్ 25 సీసీ దాటని బండి మోటారు వాహనం కిందికి రాదు. 66 సీసీ కిట్ ఆ కిందికి వస్తుంది. హోండా వాళ్ల 35 సీసీ ఇంజన్ జీఎక్స్35 కూడా వస్తుంది. 26 సీసీ అని రాసి ఉన్న చవక గడ్డి మిషన్ ఇంజన్ కూడా వస్తుంది, ఒక్క సీసీ తేడా అయినా సరే. ఇంట్లో ఇంజన్ బిగించిన సైకిల్‌కు రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఎక్కడ తెస్తారు? రోడ్డు మీద ఎవరికైనా తగిలితే ఆ భారమంతా కుటుంబం మీదే పడుతుంది. హోండాదే చిన్న ఇంజన్ జీఎక్స్25 సరిగ్గా 25 సీసీ, కాబట్టి అది మోటారు వాహనం కిందికి రాదు.

శక్తి చాలదేమో అనుకోవద్దు. మనిషి, సైకిల్, నిండు క్యాన్, ఇంజన్ కలిపి 120 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద 25 కిలోమీటర్ల వేగానికి చక్రం దగ్గర కావాల్సింది రమారమి 220 వాట్లు. నూటికి ఐదు ఎత్తు ఉన్న చోట 15 వేగంతో ఎక్కాలంటే 330 వరకు. జీఎక్స్25 గరిష్ఠంగా 720 వాట్లు ఇస్తుంది.

నకిరేకల్ చౌరస్తా:
ఇంత తిప్పలు ఎందుకు? కాయితాలున్న పాత ఎక్సెల్ మోపెడ్ కొనుక్కుంటే అయిపోయె.

చల్కనేల:
లైసెన్స్ లేని పెద్దమనిషి తొక్కే సైకిల్ అన్నా, అందుకే అది కుదరదు. 25 సీసీకి చైన్ ఎట్ల పెట్టాలె?

మిర్యాలగూడ లేత్:
చైన్ వద్దు. ఆ ఇంజన్ 7,000 చుట్ల దగ్గర బలం ఇస్తది. 25 వేగానికి మొత్తం తగ్గింపు 37 దాక కావాలె. నడుమ ఇంకో షాఫ్ట్ లేకుండ అంత తగ్గదు. క్యారియర్ కింద పెట్టి వెనక టైరు మీద రోలర్ ఆనించుడే సులువు.

రోలర్ 20 మిల్లీమీటర్ల లావుది చేయించున్రి. 7,000 చుట్లకు 26 వేగం వస్తది. 25 మిల్లీమీటర్లది పెడితే 33 వస్తది గని, ఎత్తు మీద వేగం 15కు పడంగనే ఇంజన్ 3,200 చుట్లకు దిగుతది. అక్కడ సెంట్రిఫ్యూగల్ క్లచ్ (చుట్లు పెరిగితేనే పట్టే క్లచ్) పూర్తిగ పట్టదు, జారి కాలుతది. 20ది అయితే అదే చోట 4,000 దగ్గర ఉంటది. అయినా ఎత్తు మీద పెడల్ తొక్కాల్సిందే. రోలర్ షాఫ్ట్‌కు రెండు దిక్కుల బేరింగ్ ఉండాలె. ఒక్క దిక్కే పెడితే టైరు ఒత్తుడికి షాఫ్ట్ వంగి క్లచ్ డ్రమ్ము వంకర తిరుగుతది.

పాలమూరు టూస్ట్రోక్:
వానకాలంల టైరుకు బురద పట్టినప్పుడు ఆ రోలర్ జారదా? ఇంకొకటి, ఆ కంపెనీ పుస్తకంలనే ఇథనాల్ 10 శాతం దాటొద్దని రాసి ఉంటది. బంకుల్ల 20.

మిర్యాలగూడ లేత్:
జారుతది. రోలర్ మీద లేత్‌తోటి గరుకు గీతలు పెట్టిస్తే కొంత పడుతది, కాకపోతే టైరు జల్ది అరుగుతది. వానలు పడే రోజుల్ల రోలర్ లేపి పెట్టి తొక్కుడే, అందుకే లేపే లివర్ తప్పనిసరి.

ఇథనాల్ మాట నిజం. రాత్రంత పెట్రోలు నిలువ ఉంచొద్దు. ఇల్లు చేరినంక ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్ల మిగిలింది అయిపోయేదాక నడిపి ఆపాలె. కార్బురేటర్ డయాఫ్రం (లోపల ఉండే పల్చటి పొర) ఒకటి ముందే తెచ్చి పెట్టుకోవాలె. ఇంజన్ ఆయిల్ 10డబ్ల్యూ-30, పట్టేది 80 మిల్లీలీటర్లే. అంత తక్కువ ఆయిల్‌ల 20 తగ్గినా పావు వంతు పోయినట్టు, కాబట్టి పాలకు పోయే ముందు రోజూ ఆయిల్ ఎంత ఉన్నదో చూడాలె. కొత్త ఇంజన్‌కు మొదటి 10 గంటలకు ఆయిల్ మార్చి, తర్వాత 50 గంటలకొకసారి. ఎర్రమట్టి దుమ్ముకు ఫిల్టర్ స్పాంజి వారానికొకసారి సబ్బుతోటి కడిగి, ఆరబెట్టి, నాలుగు చుక్కల ఆయిల్ పిండి పెట్టున్రి.

ఇంజన్ కొనకముందే ఆ రాడ్ బ్రేకుల రబ్బర్లు కొత్తవి వేయించున్రి అన్నా. 25 వేగంల నిండు క్యాన్‌ను ఆపాల్సింది అవే.