టీఎల్ఆర్4 ఆర్ఎఫ్ఎల్‌పీ: ఒక్క శాంపిల్ కూడా కట్ అవ్వట్లేదు

షుగర్ ఉండి మూత్రంలో ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వచ్చే పేషెంట్లలో టీఎల్ఆర్4 జీన్ ఆస్ప్299గ్లై మార్పు (డీఎన్‌ఏలో 896వ బేస్ ఏ బదులు జీ, దాంతో ప్రోటీన్ 299వ చోట ఆస్పార్టిక్ ఆమ్లం బదులు గ్లైసిన్) చూస్తున్నాను. వాడేది ఆర్ఎఫ్ఎల్‌పీ పద్ధతి, అంటే ఆ డీఎన్‌ఏ ముక్కని పీసీఆర్‌తో పెంచి, ఎంజైమ్‌తో కట్ చేసి, ముక్కల సైజు జెల్ మీద చూడటం. ఈ-కోలై పైపొరలోని ఎల్‌పీఎస్‌ని (కొవ్వు, చక్కెర కలిసిన అణువు) పసిగట్టేది టీఎల్ఆర్4 రిసెప్టరే కదా, అందుకని.

పీసీఆర్‌లో 249 బీపీ (బేస్ జతల పొడవు) బ్యాండ్ శుభ్రంగా వస్తోంది. ఎన్‌కో-1 అనే డీఎన్‌ఏ కట్ చేసే ఎంజైమ్‌తో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచినా అన్నీ 249 దగ్గరే. జీ ఉంటే 223, 26గా విడిపోవాలి. 26 ఎలాగూ కనబడదు, 223 అయినా రావాలిగా!

2 శాతం అగరోజ్ జెల్ మీద తేడా తెలియట్లేదేమోనని 3.5 శాతం వేశాను, అదే ఫలితం. అదే ట్యూబులో ఈ ఎంజైమ్ కట్ చేసే ప్లాస్మిడ్ (గుండ్రటి డీఎన్‌ఏ) కలిపి చూస్తే అది పూర్తిగా కట్ అయింది, కాబట్టి ఎంజైమ్ బాగానే ఉంది. ఎంజైమ్ కట్ చేసే చోటు ఏర్పడాలని ప్రైమర్ (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) చివర కావాలని పెట్టిన తేడా బేస్ చెరిగిపోకుండా ప్రూఫ్‌రీడింగ్ లేని మామూలు టాక్ పాలిమరేజే వాడాను.

అసలు చిక్కేంటంటే, ఈ పద్ధతిలో మామూలు ఏఏ (రెండు కాపీల్లోనూ ఏ) శాంపిలూ, ఫెయిలైన డైజెషనూ జెల్ మీద ఒకేలా కనిపిస్తాయి. హెటరోజైగస్ (ఒక కాపీ ఏ, ఒకటి జీ) డీఎన్‌ఏ మా ల్యాబ్‌లో లేదు, అన్నిటినీ సీక్వెన్సింగ్‌కి పంపే బడ్జెట్టూ లేదు.

జీ అల్లీల్ (జీ ఉన్న జీన్ రూపం) ఉన్న పాజిటివ్ కంట్రోల్‌ని, అంటే తప్పకుండా కట్ అవ్వాల్సిన శాంపిల్‌ని, ల్యాబ్‌లోనే తక్కువ ఖర్చుతో ఎలా తయారు చేసుకోవచ్చు?