అత్తయ్యగారికి ఇంట్లో కీమో మాత్రలు, నాకు ఐదో నెల: ఏ జాగ్రత్తలు పాటించాలి?

ప్రశ్న (గుంటూరు కోడలు):

మా అత్తయ్యగారికి 62 ఏళ్ళు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక మూడు వారాలకొకసారి ఆసుపత్రిలో సెలైన్ ద్వారా ఒక మందు ఎక్కిస్తున్నారు. దానితోపాటు 14 రోజులు ఇంట్లో వేసుకుని 7 రోజులు ఆపమని కాపెసిటాబైన్ 500 మిల్లీగ్రాముల మాత్రలు ఉదయం మూడు, రాత్రి మూడు చొప్పున రాసిచ్చారు. చీటీ చేతిలో పెట్టారే తప్ప ఇంతకుమించి ఎవరూ వివరించలేదు.

ఆవిడకు పూజ ముగిసేదాకా ఏమీ తినే అలవాటు లేదు కనుక పరగడుపునే వేసుకుంటానంటున్నారు. మాత్రలు పెద్దవిగా ఉన్నాయని, పొడి చేసి పెరుగన్నంలో కలిపి పెట్టమని మా పిన్నత్తగారు సలహా ఇచ్చారు. నిన్న ఉదయం మోతాదు మరిచిపోయి, రాత్రికి ఆరూ కలిపి మింగబోతుంటే నేనే ఆపాను. నాకిప్పుడు ఐదో నెల. ఇంతవరకు ఆ మాత్రలు స్ట్రిప్పు నుంచి తీసి ఇస్తున్నది నేనే. నా ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా వంటింట్లో అదే డబ్బాలో ఉంటాయి. ఇందులో ఏది సరి, ఏది తప్పు అన్నది తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (క్లినికల్ ఫార్మసిస్ట్):

అమ్మా, ఆరు మాత్రలు ఒకేసారి వేసుకోనీయకుండా మీరు ఆపడం చాలా మంచిదైంది. మరిచిపోయిన మోతాదును వదిలేసి, తరువాతి మోతాదును దాని వేళకే మామూలుగా వేసుకోవాలి. వాంతి అయినా ఇదే పద్ధతి. మళ్ళీ మింగకుండా డాక్టరుగారికి తెలియజేయండి. ఒక విడతకు రోజుకు 6 చొప్పున 84 మాత్రలు కావాలి. కాబట్టి మొదటి రోజునే లెక్కపెట్టి, వేసుకున్న ప్రతిసారీ క్యాలెండరులో గుర్తు పెడితే, వేసుకున్నారా లేదా అన్న సందేహానికి తావుండదు.

ఈ మాత్రలను కడుపు నిండా తిన్న అరగంటలోపు, మంచినీళ్ళతో, రెండు పూటల మధ్య ఇంచుమించు 12 గంటల ఎడం ఉండేలా వేసుకోవాలి. పరగడుపున వేసుకోకూడదు. పూజ ఎనిమిదింటికి ముగిసి ఎనిమిదిన్నరకు టిఫిన్ తింటారనుకుంటే, రాత్రి భోజనం కూడా ఎనిమిదిన్నర ప్రాంతంలో పెట్టుకోవచ్చు. మందు కోసం ఆవిడ పూజ మానుకోనక్కర్లేదు, వేళ స్థిరంగా ఉంటే చాలు.

పొడి చేయడం మాత్రం ఎంతమాత్రమూ వద్దు. అది కణాలను చంపే మందు; నూరినప్పుడు, విరిచినప్పుడు లేచే ధూళి నూరినవారి చేతికీ ఊపిరికీ చేరుతుంది. నిజంగా మింగలేకపోతుంటే ఆ మాట డాక్టరుగారికి చెప్పాలి. ఇదే మందు 150 మిల్లీగ్రాముల చిన్న మాత్రలుగానూ దొరుకుతుంది కనుక, మోతాదు లెక్క చూసి మార్చడం కుదురుతుందో లేదో వారే నిర్ణయిస్తారు.

ఇక మీ సంగతి. గర్భవతులు ఈ మాత్రలను అసలు ముట్టుకోకపోవడమే మంచిది. ఇన్నాళ్ళు పగలని మాత్రలు తీసి ఇచ్చినందుకు కంగారు పడకండి గాని, మీకు ప్రసవ పరీక్షలు చేసే డాక్టరుగారికి ఈ విషయం చెప్పి ఉంచండి. ఇకమీదట అత్తయ్యగారే స్ట్రిప్పు నుంచి చిన్న గిన్నెలోకి వేసుకుని మింగి చేతులు కడుక్కోవాలి, లేదా మీవారు గ్లౌజులు తొడుక్కుని ఇవ్వాలి. ఆవిడ బట్టలు మలమూత్రాలతోగాని వాంతితోగాని తడిస్తే మరొకరు గ్లౌజులతో విడిగా ఉతకాలి. ఆఖరి మాత్ర వేసుకున్న తర్వాత కూడా 48 గంటల దాకా మరుగుదొడ్డిలో ప్రతిసారీ రెండు మార్లు నీళ్ళు పోయాలి. పక్కన కూర్చోవడం, కలిసి భోంచేయడం వంటివాటికి ఏ అడ్డూ లేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది ఆ డబ్బా. మీ ఫోలిక్ యాసిడ్ పొరపాటున ఆవిడ మింగితే కాపెసిటాబైన్ దుష్ప్రభావాలు తీవ్రం కావచ్చు. ఆవిడ మాత్ర మీరు మింగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ రోజే రెండింటినీ వేరు గదుల్లో పెట్టండి. నీరసానికని మందుల షాపులో అడిగి తెచ్చుకునే బలం మాత్రల్లో కూడా ఫోలిక్ యాసిడ్ ఉంటుంది కనుక అవీ డాక్టరుగారికి చూపించాలి. ఆవిడ రక్తం పలచబడే వార్ఫరిన్ గాని, మూర్ఛకు ఫెనిటాయిన్ గాని వాడుతుంటే ఆ సంగతి వెంటనే చెప్పి తీరాలి.

జవాబు 2 (ఎనిమిది విడతలు పూర్తిచేసినవాడిని):

ఫార్మసిస్ట్ గారు చెప్పినవాటికి నా అనుభవం కొంచెం కలుపుతాను. రెండో విడతలో నా అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి, మండి, తోలు ఊడడం మొదలైంది. నేను నాలుగు రోజులు ఓర్చుకుని చెప్పకుండా ఊరుకున్నాను. అదే నా తప్పు. చెప్పిన తర్వాత కొన్నాళ్ళు మందు ఆపి, మోతాదు తగ్గించి మళ్ళీ ఇచ్చారు. యూరియా ఉన్న క్రీము రెండు పూటలా రాసుకోవడం, వేడినీళ్ళతో అంట్లు తోమకపోవడం, బిగుతు చెప్పులు మానడం నాకు ఉపకరించాయి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2024లో ప్రచురించిన పరిశోధనలో, నొప్పులకు రాసుకునే 1 శాతం డైక్లోఫెనాక్ జెల్ ముందునుంచే చేతులకు రాసినవారిలో ఈ బాధ ఓ మోస్తరుగా లేదా తీవ్రంగా వచ్చింది 3.8 శాతం మందికే. మందులేని జెల్ రాసినవారిలో అది 15 శాతం. మీ డాక్టరుగారిని దీని గురించి అడిగి చూడండి.

ఇంకొకటి నవ్వొచ్చే సంగతే గాని ఇబ్బంది పెడుతుంది. చర్మం ఊడడంతో నా వేలిముద్రలు అరిగిపోయి, రేషన్ షాపు యంత్రం నన్ను నేనని ఒప్పుకోలేదు. కంటిపాపతో తీసుకోమని అడిగితే పని జరిగింది.

ప్రశ్న అడిగినవారు:

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. డబ్బాలు వేరు చేశాం, మాత్రలిచ్చే బాధ్యత మావారు తీసుకున్నారు. ఇవాళ పొద్దుటినుంచి ఆవిడకు మూడు విరేచనాలయ్యాయి, ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. పారాసిటమాల్ ఇచ్చి రేపటిదాకా చూడవచ్చా?

జవాబు 3 (క్యాన్సర్ వార్డు నర్సు):

రేపటిదాకా ఆగవద్దు. పారాసిటమాల్ వేస్తే జ్వరం దాగిపోతుంది, కనుక ముందు థర్మామీటరు పెట్టి చూడండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గాని అంతకుమించి గాని ఉంటే తెల్లకణాలు తగ్గి ఇన్ఫెక్షన్ సోకి ఉండవచ్చు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. రోజూ అయ్యేదానికన్నా నాలుగు విరేచనాలు ఎక్కువైనా, రాత్రి నిద్రలేచి వెళ్ళాల్సి వచ్చినా, నోట్లో పుండ్ల వల్ల తినలేకపోయినా తరువాతి మోతాదు వేయకుండా ఫోన్ చేయండి. ఈ మందును విరిచే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. అలాంటివారికి మొదటి విడతలోనే ఇవన్నీ ప్రమాదకరంగా ముదురుతాయి. ఇది మొదటి విడత అయితే ఆ మాట కూడా ఫోన్లో చెప్పండి. ఈలోగా ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. మాత్రలు ఆపితే మిగిలినవాటిని చెత్తబుట్టలోనో దొడ్లోనో పడేయకుండా ఆసుపత్రి ఫార్మసీలో తిరిగి ఇవ్వండి, వాటిని పసుపు సంచిలో వేరుగా పారవేస్తారు. వెళ్ళేటప్పుడు స్ట్రిప్పులు, క్యాలెండరు వెంట తీసుకెళ్ళండి. డ్యూటీ డాక్టరు మొదట అడిగేది ఎన్నో రోజు, ఎన్ని మాత్రలు అనే.