అప్‌డేట్: గెయిట్ ల్యాబ్‌లో (నడకను కెమెరాలతో కొలిచే ల్యాబ్) మోకాలు పక్కకి వంగినట్టు చూపడం, కారణం దొరికింది

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే సమస్య) ఉన్న పాప నడక పరీక్షలో, కాలు గాల్లో ఉన్నప్పుడల్లా మోకాలు 20 డిగ్రీలు పక్కకి వంగినట్టు గ్రాఫ్ వస్తోందని అడిగాను కదా. తొడ మార్కర్ (కెమెరాలు గుర్తుపట్టడానికి ఒంటికి పెట్టే చిన్న బంతి) చూడమన్నవాళ్ల మాటే నిజమైంది. చాలా థ్యాంక్స్!

తొడకి కట్టిన పుల్ల మార్కర్ (పుల్ల చివర బంతి ఉండేది) పట్టీ జారి వెనక్కి తిరిగింది. దాంతో సాఫ్ట్‌వేర్ లెక్కించే మోకాలి ఇరుసూ తిరిగిపోయి, మోకాలు ముడుచుకోవడంలో కొంత భాగం పక్క వంపుగా కనబడింది. ముడుపు, పక్క వంపు గ్రాఫులు రెండూ కలిసి లేచి కలిసి దిగుతుంటే ముందు దీన్నే అనుమానించండి.

కెమెరాల క్యాలిబ్రేషన్, ఫిల్టర్ (గ్రాఫ్‌ని నునుపు చేసే సెట్టింగ్) మార్చడం దేనికీ పనికిరాలేదు.

మార్కర్ సరిచేసి మళ్లీ నడిపిస్తే వంపు 5 డిగ్రీల లోపే. తుంటి దగ్గర తొడ తిరుగుడు అంకె కూడా మారింది. తొడ ఎముక తిప్పే ఆపరేషన్ ఆ అంకె కూడా చూసి ఆలోచిస్తారు, అందుకే పాత రిపోర్ట్ వెంటనే వెనక్కి తీసుకున్నాం.