అప్‌డేట్: చక్ క్లోజ్ స్క్రీన్‌ప్రింట్ ఫ్రేమింగ్

అమెరికన్ చిత్రకారుడు చక్ క్లోజ్ 2000లో చేసిన 111 రంగుల సెల్ఫ్ పోర్ట్రెయిట్ స్క్రీన్‌ప్రింట్‌ను (సన్నని జాలీ తెర గుండా ఇంకు నొక్కి, ఒక్కో రంగుగా అచ్చు వేసిన బొమ్మ) గొట్టంలా చుట్టి తెప్పించవచ్చా, ఫ్రేమ్ ఎలా కట్టించాలి అని అడిగాను కదా. పని పూర్తయింది.

చుట్టనే కూడదు. రంగు మీద రంగు పడి ఇంకు మందంగా పేరుకుంటుంది. చుడితే ఆ పొర చిట్లుతుంది, మళ్లీ అతకదు. షీటు ఎత్తు దాదాపు 5.5 అడుగులు కాబట్టి రెండు గట్టి బోర్డుల మధ్య పరిచే తెప్పించాలి.

వెనక అంతటా జిగురు పూయనివ్వలేదు. పై అంచున జపనీస్ కాగితపు పట్టీలు, గోధుమ గంజి, అంతే. ముందు యూవీ కిరణాలు ఆపే అక్రిలిక్ (పారదర్శక ప్లాస్టిక్) షీటు; ఈ సైజులో అద్దం చాలా బరువు, పగిలితే ప్రింటు కోసుకుపోతుంది. అయితే పెద్ద అక్రిలిక్ వంగుతుంది, ఇంకుకు తగిలితే అతుక్కుంటుంది. అందుకే రెంటి మధ్య ఖాళీ ఉండేలా అర అంగుళం స్పేసర్ (అంచు పట్టీ) పెట్టించాం. కింద పెన్సిల్ సంతకం, ఎడిషన్ నంబరు (మొత్తం ప్రతుల్లో ఇది ఎన్నోదో చెప్పే అంకె) మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) చాటున పడకుండా చూసుకోండి.