నాటకాల హాలు లాబీలో బొమ్మలు: చిత్రకారులకు చోటా, గోడకు ఉచిత అలంకారమా?

ముందువరుస:
కడపలో మన నాటక సమాజం హాలు లాబీకి ఈమధ్యే కొత్తగా రంగులేయించారు. ఇప్పుడు కమిటీ ఒక నిర్ణయం తీసుకుంది. నెలకొకరు చొప్పున స్థానిక చిత్రకారుల బొమ్మలు లాబీలో పెడతారు. గోడకు అద్దె లేదు, బొమ్మ పెట్టినందుకు డబ్బులూ లేవు. అమ్ముడుపోతే నూటికి ఇరవై హాలుకు. ఏ బొమ్మ పెట్టాలో కమిటీయే తేలుస్తుంది. నాకైతే మంచి పనే అనిపించింది. రిహార్సల్ దగ్గర చెప్తే మాత్రం రచ్చ రచ్చ అయింది. నాటకానికే జనం రావడం లేదు, మధ్యలో ఈ బొమ్మల గోల ఏంటని ఒకాయన. ఊరికే బొమ్మలిచ్చేవాళ్లు ఎవరున్నారని ఇంకొకాయన. ఇక్కడ బొమ్మలేసేవాళ్లూ నాటకాలవాళ్లూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. పెట్టాలా, వద్దా?

రంగులపెట్టె:
పెట్టండి అన్నా, వద్దని ఎవరన్నారు. కానీ లెక్క చూడండి. ఫ్రేము నాది, ఆటో బాడుగ నాది, పగిలితే నష్టం నాది. నెల తర్వాత మీరిచ్చేది ఒక శాలువా, ఒక గ్రూపు ఫొటో. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి "లాబీలో లైట్లు బిగించు, నీ పని నలుగురూ చూస్తారు, డబ్బులడగొద్దు" అనగలరా?

ఇంకో మాట. ఇంతకుముందు వేరే ఊళ్లో ఒక హాలుకు నా వాటర్ కలర్ బొమ్మ ఇచ్చాను. పడమటి ఎండ అద్దాల తలుపులోంచి నేరుగా ఆ గోడ మీదే పడేది. తిరిగొచ్చేసరికి బంతిపూల పసుపు అట్లే ఉంది గానీ, పక్కన గులాబీ రంగు సగం ఎగిరిపోయింది. ఫ్రేము కింది మూలలో బజ్జీ నూనె వేలిముద్ర. అడిగితే "పబ్లిక్ ప్లేస్ కదమ్మా" అన్నారు.

టికెట్‌కౌంటర్:
ఇరవై శాతానికే ఇంత బాధైతే ఎట్లా అక్కా? పెద్ద ఊళ్లలో ప్రైవేటు గ్యాలరీలు మూడోవంతు నుంచి సగం దాకా కూడా తీసుకుంటాయి. మా హాలు కరెంటు బిల్లు ఎవరు కడతారనుకుంటున్నారు? నాటకం ఆడిన రోజు వచ్చే టికెట్ల డబ్బు మైకు సెట్టుకే చాలదు.

రంగులపెట్టె:
గ్యాలరీవాళ్లు కొనేవాళ్లను పిలుచుకొస్తారు, కేటలాగ్ వేస్తారు, లైటింగ్ చూస్తారు. మీరిచ్చేది మేకు.

తెరవెనక:
నాటకాల హాల్లో బొమ్మలకేం పని అన్నాయన ఎవరో గానీ, కడప జిల్లాలో ఉంటూ ఆ మాట అనడం విచిత్రమే. మన సురభి ఊళ్లోనే కదా 1885లో వనారస గోవిందరావు కుటుంబం కీచకవధ ఆడింది. సురభి నాటకాలు అక్కడే పుట్టాయి. అంతకుముందు ఆ కుటుంబాలవాళ్లు ఆడింది తోలుబొమ్మలాట. అంటే బొమ్మలోంచే నాటకంలోకి వచ్చారు. తర్వాత కూడా జనం ఎగబడింది పద్యాల కోసమే కాదు. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర, అవన్నీ చేత్తో వేసినవే. నేను చూసిన పాత కరపత్రాల్లో హార్మోనియం వాయించినాయన పేరు ఉంటుంది గానీ, తెర వేసినాయన పేరు కనపడదు. ఇప్పుడు తెరలు కూడా పోయి ఎల్‌ఈడీ స్క్రీన్లు వస్తున్నాయి. కాబట్టి లాబీ గోడ ఇవ్వడం దయ కాదు, పాత బాకీ.

నా పేచీ వేరే చోట ఉంది. స్థానిక చిత్రకారుడు అంటే ఎవరు? కమిటీ దృష్టిలో హైదరాబాదులోనో బెంగళూరులోనో షో చేసి, ఇంగ్లీషులో బయోడేటా ఉన్నాయన. ఫ్లెక్సీలు రాకముందు ఈ ఊళ్లో కొట్లకు బోర్డులు, సినిమా హాళ్లకు బ్యానర్లు రాసినవాళ్ల సంగతేంది? సుద్దపొడి రాసిన దారం గోడకు లాగిపెట్టి కొట్టి గీత వేసుకునేవాళ్లు. ఎడమచేతిలో కర్ర పట్టుకుని, దాని మీద కుడిచెయ్యి ఆనించి, బ్రష్షు ఎత్తకుండా "శ్రీ" తిప్పేవాళ్లు. ఆ చెయ్యి ఫైన్ ఆర్ట్స్ పట్టా ఉన్నవాళ్లలో ఎంతమందికి ఉంది? ఫ్లెక్సీ మిషన్ వచ్చాక వాళ్లలో చాలామంది వేరే పనుల్లోకి పోయారు. మొదటి నెల వాళ్లకివ్వండి, తర్వాత మిగతావాళ్ల సంగతి చూద్దాం.

కాన్వాస్‌కుర్రోడు:
తెరవెనక సార్, పట్టా ఉన్నవాళ్ల మీద అంత కోపం ఎందుకు? 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ మన కడపలోనే వచ్చింది. పెయింటింగ్, శిల్పం నేర్చుకునే పిల్లలు ఊళ్లోనే ఉన్నారు. మాలాంటివాళ్లకు నెలకు నలుగురు బయటివాళ్లు బొమ్మ ముందు నిలబడినా పండగే. ఫ్రేము డబ్బులు తర్వాత చూసుకుంటాం. నా టెన్షన్ అంతా కమిటీ ఎంపిక మీదే. వాళ్లకు వదిలేస్తే ఏడాదికి పన్నెండు నెలలూ గండికోట లోయ, మధ్యలో ఒక వేంకటేశ్వరస్వామి. గండికోట మీద నాకేం కోపం లేదు, నేనూ వేశాను.

రంగులపెట్టె:
తమ్ముడూ, "తర్వాత చూసుకుంటాం" అని నీలాంటివాళ్లు అంటారు కాబట్టే మాకెవరూ ఇవ్వరు.

కోర్టుగుమాస్తా:
చట్టం సంగతి కాస్త చెప్తాను, పనికొస్తుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ లాబీలో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు శిల్పఫలకం ఉండేది. 1979లో ఆయనకు చెప్పకుండా ఊడపీకి గోదాములో పడేశారు. ముక్కలు కొన్ని పోయాయి. ఆయన కోర్టుకెక్కితే 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ఫలకం ఆయనకే తిరిగివ్వమంది, 5 లక్షలు పరిహారం కూడా కట్టమంది. డబ్బిచ్చి చేయించుకున్న ప్రభుత్వానికే అట్లా తగిలింది. ఆధారం 1957 కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్. బొమ్మ చేతులు మారినా, ఇది నేను వేశానని చెప్పుకునే హక్కు, తన పరువు పోయేలా దాన్ని పాడుచేస్తే అడ్డుకునే హక్కు వేసినవాళ్లకే ఉంటాయి.

కానీ అదే సెక్షన్‌లో ఇంకో సంగతి ఉంది. బొమ్మ ప్రదర్శనకు పెట్టకపోవడం, ఆయనకు నచ్చిన తీరులో పెట్టకపోవడం మాత్రం ఆ హక్కుకు భంగం కాదు. అంటే నెల మధ్యలో కమిటీ బొమ్మ తీసేస్తే 57 మీకు సాయపడదు. కాగితం మీద ఒప్పందం రాసుకుంటేనే మాట్లాడగలరు. ఆ బొమ్మనే మీ నాటకం పోస్టరుకు వాడుకోవాలంటే దానికి వేరే అనుమతి తీసుకోవాలి, అది మర్చిపోవద్దు.

ధర్మవరంబస్సు:
మా పక్క నిమ్మలకుంట తోలుబొమ్మలు కూడా పెడతారా? (ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా. కడపోళ్లు మాది స్థానికం కాదంటారేమో.) అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పెట్టేటట్టైతే దయచేసి అద్దాల ఫ్రేములో బిగించి గోడకు కొట్టొద్దు. మేకతోలును వెలుతురు పారేంత పల్చగా చేసి, ఉలితో చిన్న చిన్న చిల్లులు కొట్టి రంగులేస్తారు. వెనక దీపం ఉంటేనే ఆ చిల్లులు నగలై మెరుస్తాయి. గోడకు ఆనిస్తే హనుమంతుడు నల్లబడి కూర్చుంటాడు. పాల అద్దం, వెనక ఎల్‌ఈడీ పట్టీ ఉన్న పెట్టె చేయించండి, పెద్ద ఖర్చేం కాదు.

టికెట్‌కౌంటర్:
హైదరాబాద్ రవీంద్రభారతిలో ఆర్ట్ గ్యాలరీకి వేరే గదే ఉంది. మనకు లాబీలోనే టీ క్యాన్, బజ్జీల టేబులు, చెప్పుల గుట్ట. ఇంటర్వెల్ పది నిమిషాల్లో బొమ్మలెవరు చూస్తారు? చూసినా కొంటారా?

తెరవెనక:
బజ్జీల టేబులు బయట చెట్టు కిందికి జరిపితే సగం పీడ పోతుంది. కొనడం సంగతంటావా, మన ఊళ్లో కొత్త ఇల్లు కట్టి హాల్లోకి బెంగళూరు నుంచి ప్రింట్లు తెప్పించుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఇక్కడ బొమ్మలేసేవాళ్లు ఉన్నారనే తెలియదు. ధర రాసిన చీటీ, ఫోన్ నంబరు పక్కనే అంటించండి. మనోళ్లు ధర రాయడానికి ఎందుకో మొహమాటపడతారు.

ముందువరుస:
ఆదివారం మీటింగులో ఇవన్నీ అడుగుతాను. రాతకోతలు లేకుండా ఒక్క బొమ్మ కూడా తీసుకోకూడదు, హాల్లో ఉండగా పాడైతే హాలుదే బాధ్యత. పడమటి గోడ వదిలేస్తాం. ఎంపికలో ఒక చిత్రకారుడు, ఒక బోర్డులు రాసినాయన కూడా కూర్చోవాలి. మొదటి నెల వాళ్లకే అన్నది నాకు నచ్చింది గానీ కమిటీ పెద్దాయన ఒప్పుకోవడం కష్టం. ఫ్రేముల ఖర్చు హాలు పెట్టుకుంటే ఇరవై శాతం అడగొచ్చు, లేకపోతే పది. రంగులపెట్టె అక్కా, ఇట్లయితే మీకు సరేనా?

రంగులపెట్టె:
ఫ్రేముల డబ్బు నిజంగా ఇస్తే ఇరవై ఇస్తాను. ఎక్కడినుంచి తెస్తారు?

ముందువరుస:
ప్రతి నాటకానికీ బొకేలు, శాలువాలు కొంటున్నాం కదా. అవి మానేస్తే చాలు.

టికెట్‌కౌంటర్:
శాలువా లేకపోతే ముఖ్య అతిథి రాడు.

రంగులపెట్టె:
రాకపోతే నాటకం టైముకు మొదలవుతుంది.